కళాశాలల్లో కుస్తీ గురువుకు కుర్చీ ఏది?

ఆదోని, ఎమ్మిగనూరు: కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో కండబలానికి కొదువ లేదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాలు మోసే హమాలీలు, ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునే నేత కార్మికులు, బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపే రైతులు, వీరి ఇండ్లలోని పిల్లలే ఇక్కడి కళాశాలల్లో చదువుతున్నారు. జాతరలలో కుస్తీ పోటీలన్నా, గరిడీలన్నా రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. అయితే ఈ బలాన్ని విద్యగా మలచి, విద్యార్థిని కళాశాల జట్టు నుంచి విశ్వవిద్యాలయ జట్టు వరకు నడిపించే కుస్తీ శిక్షకునికి కళాశాల సిబ్బంది పట్టికలో స్థానమే లేదు.

ఇది ఆదోనికో, ఎమ్మిగనూరుకో ప్రత్యేకమైన లోటు కాదు. రాష్ట్రమంతటా పద్ధతి ఇదే. కాని నగరాలలో స్టేడియంలు, క్రీడా హాస్టళ్లు ఉన్నాయి. కళాశాల దాటితే మరో దారి లేని వెనుకబడిన ప్రాంతాలకే ఈ లోటు వల్ల నష్టం ఎక్కువ.

పట్టు తెలిసినవానికి పట్టా లేదు

డిగ్రీ కళాశాలలో క్రీడలకు సాధారణంగా ఉండేది ఒక్క ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్రికెట్, పరుగు పందేలు అన్నీ ఆయనే చూడాలి. ఆటల సామాను లెక్కలు, జట్ల ప్రయాణ ఏర్పాట్లు, స్వాతంత్ర్య దినోత్సవ కవాతు కూడా ఆయన నెత్తినే పడతాయి. అన్ని ఆటలూ తెలిసి ఉండడం ఏ ఒక్కరికీ సాధ్యం కాదు. అందులోనూ కుస్తీ గోదాలోకి దిగి శరీరానికి శరీరం ఆనించి నేర్పవలసిన విద్య. ఈల ఊది గట్టున నిలబడి నేర్పగలిగేది కాదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2018 నిబంధనల ప్రకారం ఈ పోస్టుకు వ్యాయామ విద్యలో 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా, జాతీయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణత మొదలైనవి ఉండాలి. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కాని గరిడీలో ఇరవై ఏళ్లు మట్టి పిసికిన ఉస్తాదుకు ఈ పట్టాలు ఎక్కడివి? పట్టా ఉన్న అధికారికి కుస్తీ తెలియాలన్న నిబంధన లేదు. కుస్తీ తెలిసినవానికి కళాశాల గేటు లోపలికి రావడానికి పట్టా లేదు. ఈ ఇద్దరినీ కలిపే వంతెన ఎవరూ కట్టలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రాయలు చేసిన సాధన

కుస్తీ ఈ సీమకు అరువు తెచ్చుకున్న ఆట కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వివరంగా రాసిపెట్టాడు. తెల్లవారక ముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించి, కత్తిసాము చేసి, ఒక మల్లునితో కుస్తీ పట్టి, ఆ పిదప గుర్రమెక్కి తిరిగి వచ్చేవాడట. మహర్నవమి ఉత్సవాలలో జరిగే మల్లయుద్ధాలను కూడా పేస్ వర్ణించాడు. ఆదోని దుర్గం ఆ సామ్రాజ్యంలోనిదే.

గోదాలోకి దిగడం, చిత్తు చేయడం, పట్టు పట్టడం వంటి మాటలు కుస్తీ చూడని వారి నోట కూడా నేటికీ వినిపిస్తూనే ఉన్నాయి. దండీలు, బస్కీలు అన్న మాటలూ పల్లెల్లో బ్రతికే ఉన్నాయి. ఈ ప్రాంతపు కళాశాలలు మొదట తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 1981లో అనంతపురంలో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కిందికి, 2008లో కర్నూలులో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయం కిందికి ఆ తరువాత వచ్చాయి. రోజూ కుస్తీ పట్టిన రాజు పేరు ఒక విశ్వవిద్యాలయానికి దక్కింది గాని, కుస్తీ నేర్పే గురువుకు దాని కింది కళాశాలలలో ఉద్యోగం దక్కలేదు.

కోడి రామమూర్తి కూడా వ్యాయామ ఉపాధ్యాయుడే

తెలుగు దేశంలో మల్లుడనగానే గుర్తుకు వచ్చే కోడి రామమూర్తి నాయుడు బ్రతుకుతెరువు చూసినా ఈ సంగతే బోధపడుతుంది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన ఆయన, మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదువుకున్న పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరారు. బోధనకు కావలసిన సర్టిఫికెట్టు, గోదాలో కావలసిన బలం రెండూ ఒకే మనిషిలో కలిసిన అరుదైన సందర్భం అది.

కాని ఆయన ఆ బడిలో నిలిచిపోలేదు. సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. గొలుసులు తెంచడం, కార్లను కదలనీయక నిలపడం, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకోవడం వంటి ప్రదర్శనలతో పేరు మార్మోగింది. కలియుగ భీముడన్నారు. 1942 జనవరిలో కన్నుమూశారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. పేరు, కీర్తి దక్కింది ప్రదర్శనలకే. ఆయన బడిలోనే ఉండి ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పి ఉంటే ఎందరు మల్లులు తయారయ్యేవారో ఊహించుకోవలసిందే. బలం చూపిస్తే డబ్బు వస్తుంది, బలం నేర్పితే రాదు అన్న పరిస్థితి నాటి నుంచీ ఉన్నదే.

ఇల్లు తాకట్టు పెట్టిన ప్రిన్సిపాల్

కళాశాల తలచుకుంటే ఏమి చేయగలదో తెలియాలంటే మన పొరుగున ఉన్న మహారాష్ట్ర వైపు చూడాలి. సతారా జిల్లా కరాడ్ దగ్గరి గోళేశ్వర్ గ్రామంలో పుట్టిన ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్ కొల్హాపూర్‌లోని రాజారాం కళాశాల విద్యార్థి. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. పొట్టివాడని కళాశాల వార్షిక కుస్తీ పోటీలలో పేరు రాసుకోవడానికి క్రీడోపాధ్యాయుడు నిరాకరించగా, జాదవ్ నేరుగా ప్రిన్సిపాల్ ఖర్డీకర్ వద్దకు వెళ్లాడు. ఆయన అనుమతి ఇచ్చారు. జాదవ్ తనకంటే పెద్దవాళ్లను చిత్తు చేశాడు.

1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లి ఆరవ స్థానం పొందాడు. అప్పటివరకు మట్టిలో తప్ప మ్యాటుపై ఆడి ఎరుగడు. అక్కడ అమెరికన్ శిక్షకుడు రీస్ గార్డ్‌నర్ ఆయనకు మెలకువలు నేర్పాడు. 1952లో హెల్సింకీ ప్రయాణానికి డబ్బు చాలకపోతే ఊరివారు చందాలు వేశారు. ఖర్డీకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు ఇచ్చారు. జాదవ్ 57 కిలోల విభాగంలో కాంస్య పతకం తెచ్చాడు. స్వతంత్ర భారతానికి అది తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. తిరిగి వచ్చినప్పుడు వందకు పైగా ఎద్దుబండ్లతో ఊరేగించారు. ఆ తరువాత జాదవ్ కుస్తీ పోటీలు పెట్టి, వచ్చిన డబ్బుతో ప్రిన్సిపాల్ అప్పు తీర్చాడు.

రెండవ వ్యక్తిగత పతకం రావడానికి దేశం 44 ఏళ్లు, 1996లో లియాండర్ పేస్ వరకు వేచి ఉండవలసి వచ్చింది. కుస్తీలో రెండవ పతకం 2008లో గాని రాలేదు. జాదవ్ మాత్రం 1955లో బొంబాయి పోలీసుశాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, ఏళ్ల తరబడి పదోన్నతి లేక, చివరకు అసిస్టెంట్ కమిషనర్‌గా పదవీ విరమణ చేశారు. 1984లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. అర్జున అవార్డు మరణానంతరం గాని రాలేదు.

ఈ చరిత్రలో రెండు పాఠాలు ఉన్నాయి. కుస్తీ తెలియని క్రీడోపాధ్యాయుడు ఎత్తు చూసి బిడ్డను వెనక్కు పంపాడు. మనసున్న ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టాడు. మొదటిది వ్యవస్థ లోపం. రెండవది ఒక వ్యక్తి మంచితనం. ప్రతి కళాశాలకు ఒక ఖర్డీకర్ దొరకడు. దొరికినా ఆయన ఇల్లు తాకట్టులోకి వెళ్లవలసిన అవసరం రాకూడదు.

మొక్కజొన్న రాష్ట్రంలో కుస్తీ ఉద్యోగం

కళాశాల కుస్తీ శిక్షకత్వం ఒక పూర్తి ఉద్యోగంగా ఎదిగినది అమెరికాలో. అక్కడి అయోవా రాష్ట్రం మొక్కజొన్నకు పేరుపడ్డ వ్యవసాయ ప్రాంతం. అక్కడివాడైన డాన్ గేబుల్ విద్యార్థిగా అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం తరపున 118 పోటీలలో ఒక్కటే ఓడాడు. ఆ ఓటమి కూడా 1970లో కళాశాల జీవితపు ఆఖరి కుస్తీలో. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు.

గమనించవలసినది ఆ తరువాతి జీవితం. ఒలింపిక్స్ ముగిసిన వెంటనే అయోవా విశ్వవిద్యాలయంలో సహాయ శిక్షకుడుగా చేరి, నాలుగేళ్లు పని నేర్చుకుని, 1976లో ప్రధాన శిక్షకుడయ్యాడు. 1997 వరకు ఇరవై ఒక్క సీజన్లు అదే కుర్చీలో ఉన్నాడు. ఆ కాలంలో ఆయన జట్టు పదిహేను సార్లు జాతీయ కళాశాల చాంపియన్‌షిప్ గెలిచింది. అందులో 1978 నుంచి 1986 వరకు వరుసగా తొమ్మిది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అమెరికా ఫ్రీస్టయిల్ జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ జట్టు ఏడు స్వర్ణాలు తెచ్చింది.

గేబుల్ ఒక్కడే గొప్పవాడని దీని అర్థం కాదు. గెలిచిన మల్లునికి మరునాడే ఒక ఉద్యోగం, ఆ ఉద్యోగంలో పై మెట్టు, ఆ మెట్టు మీద ఇరవై ఏళ్ల నిలకడ అక్కడ ఉన్నాయి. మన మల్లునికి గెలిచిన మరునాడు దొరికేది పోలీసు ఉద్యోగమో, రైల్వే ఉద్యోగమో. అదీ అదృష్టం ఉంటే. ఆయన నేర్చిన విద్య ఆయనతోనే ఆగిపోతుంది.

గురువు ఉన్నచోటే పతకం

మన దేశంలో పతకాలు వచ్చిన చోట్లను చూసినా ఇదే తేలుతుంది. 1982 ఆసియా క్రీడల స్వర్ణ విజేత సత్పాల్ సింగ్ ఢిల్లీ విద్యాశాఖలో క్రీడాధికారిగా ఉంటూ, 1988 నుంచి ఛత్రసాల్ స్టేడియంలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పారు. సుశీల్ కుమార్ 2008లో కాంస్యం, 2012లో రజతం, యోగేశ్వర్ దత్ 2012లో కాంస్యం, రవి దహియా టోక్యోలో రజతం తెచ్చింది ఆ ప్రాంగణంలో తయారయ్యే. 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచిన అమన్ సెహ్రావత్ కూడా అక్కడివాడే. ఒకే గోదా, నెలనెలా జీతం అందుకున్న ఒక గురువు, మూడు దశాబ్దాల నిలకడ, దాని ఫలితమిది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కావాలంటే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరికి తొలి పాఠాలు చెప్పింది నీలంశెట్టి అప్పన్న. ఆమదాలవలస పక్కన ఉన్న చిన్న ఊరిలో ఒక శిక్షకుడు ఉన్నందువల్లనే అక్కడి పిల్ల సిడ్నీ దాకా వెళ్లగలిగింది. మరి ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో అటువంటి ప్రతిభ లేదని ఎవరు చెప్పగలరు?

శిక్షకులను గౌరవించేందుకు కేంద్రం 1985లో ద్రోణాచార్య అవార్డు నెలకొల్పింది. మొదటి ఏడాది అందుకున్న ముగ్గురిలో ఒకరు కుస్తీ శిక్షకుడు భాలచంద్ర భాస్కర్ భాగవత్. అవార్డు శిఖరానికి చేరినవారికి దక్కే గౌరవం. తాలూకా స్థాయి శిక్షకునికి కావలసినది నెల జీతం.

మట్టి వేరు, మ్యాటు వేరు

కళాశాల పోటీలలో కుస్తీ మట్టిలో జరగదు. తొమ్మిది మీటర్ల వృత్తం గీసిన మ్యాటుపై, మూడేసి నిమిషాల రెండు భాగాలుగా, నడుమ ముప్పయి సెకన్ల విరామంతో జరుగుతుంది. రెండు భుజాలు నేలకు ఆనిస్తే పోటీ ముగిసినట్టే. లేకుంటే పాయింట్లే లెక్క. ఫ్రీస్టయిల్‌లో పది పాయింట్ల ఆధిక్యం వస్తే అక్కడే విజేతను ప్రకటిస్తారు. జాతర గోదాలో అరగంట పట్టువిడవక పోరాడి మెప్పు పొందే పైల్వాన్, మ్యాటు మీద మొదటి నిమిషంలోనే పాయింట్లు పోగొట్టుకుని బయటకు వస్తాడు. బలం లేక కాదు, ఆ లెక్క చెప్పేవారు లేక. జాదవ్‌కు 1948లో ఎదురైన ఇబ్బందే ఇప్పటి పల్లె కుర్రవానికీ ఎదురవుతున్నది.

శిక్షణ లేని శిక్షకుని వల్ల ప్రాణాపాయం కూడా ఉన్నది. కుస్తీ బరువు విభాగాల ఆట. తక్కువ విభాగంలో దూరడానికి నీళ్లు మాని, చెమటలు కార్చి బరువు దించడం అలవాటుగా మారింది. 1997 చివరలో అమెరికాలో కొన్ని వారాల వ్యవధిలో ముగ్గురు కళాశాల కుస్తీ విద్యార్థులు ఈ పని చేస్తూ చనిపోయారు. ఆ తరువాతనే అక్కడ ఆవిరి గదులు, రబ్బరు దుస్తులు నిషేధించి, నిబంధనలు మార్చారు. 2024 ఆగస్టులో పారిస్‌లో ఫైనల్‌కు చేరిన వినేశ్ ఫోగట్ సుమారు వంద గ్రాముల అధిక బరువుతో అనర్హురాలైన సంగతి ఊరూరా చర్చకు వచ్చింది. డాక్టర్లు, నిపుణులు వెంట ఉన్నవారి పరిస్థితే అలా ఉంటే, ఎవరూ లేని కళాశాల కుర్రాడు ఉపవాసం చేసి, ఎండలో పరుగెత్తి బరువు దించుకుంటే బాధ్యత ఎవరిది? ఏ విద్యార్థి ఏ విభాగంలో ఆడాలో నెలల ముందే నిర్ణయించగల మనిషి దగ్గర ఉండాలి.

ఆడపిల్లల మాట

మహిళల కుస్తీని 2004లో ఒలింపిక్స్‌లో చేర్చారు. 2016లో సాక్షి మలిక్ కాంస్యం తెచ్చింది. విశ్వవిద్యాలయ పోటీలలోనూ మహిళా విభాగం ఉన్నది. కాని 2023లో దేశపు మేటి మల్లులు ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద కూర్చుని, కుస్తీ సమాఖ్య అధ్యక్షునిపై లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. అది చూసిన ఏ తల్లి అయినా కూతురిని గోదాకు పంపేముందు ఆలోచిస్తుంది. అందువల్ల పార్ట్‌టైముగా, ఎవరికీ జవాబుదారీ కాని మనిషిని తెచ్చి పెడితే చాలదు. నియామక పత్రం, బాధ్యత, పైన అడిగే అధికారి, వీలైన చోట మహిళా శిక్షకురాలు ఉండాలి. ఉద్యోగం స్థిరంగా ఉంటేనే జవాబుదారీతనం కూడా స్థిరంగా ఉంటుంది.

వలస బండి ఎక్కే బలం

పడమటి కర్నూలుకు ఈ విషయం ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం వైపు వానలు మొండికేసిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు వలస పోతాయి. తల్లిదండ్రుల వెంట చదువుకునే పిల్లలూ బండెక్కుతారు. బరువులెత్తడానికి, కూలి చేయడానికి పనికి వస్తున్న ఆ శరీరం, నేర్పేవారుంటే ఒక సర్టిఫికెట్టు తెచ్చిపెట్టగలదు. అంతర్ కళాశాల పోటీలో గెలిచినవాడు విశ్వవిద్యాలయ జట్టులోకి, అక్కడి నుంచి అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళతాడు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లోనూ కుస్తీ ఉన్నది. రైల్వేలు, పోలీసుశాఖ, సైన్యం క్రీడాకారులకు ఉద్యోగాలిస్తాయి. ఒక పతకం ఇంటిల్లిపాది వలసను ఆపగలదు.

చేయవలసినది ఏమిటి?

కోట్ల ఖర్చుతో స్టేడియం కట్టే దాకా ఆగనక్కరలేదు. పటియాలాలో 1961లో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాతో పాటు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతున్నది. గరిడీలలో అనుభవం సంపాదించి, చదువు అర్హత కూడా ఉన్న యువకులను ఎంపిక చేసి, ఖర్చు పెట్టి అక్కడికి పంపవచ్చు. తిరిగి వచ్చినవారిని రెండు మూడు కళాశాలలు కలిసి ఒకే శిక్షకునిగా నియమించుకోవచ్చు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ దూరం ముప్పయి కిలోమీటర్ల ప్రాంతమే. వారంలో మూడు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ పాఠం చెప్పడం కష్టమేమీ కాదు. చదువు లేని వృద్ధ ఉస్తాదుకు గౌరవ వేతనం ఇచ్చి, సర్టిఫికెట్టు ఉన్న యువకుని పక్కన కూర్చోబెడితే, పట్టు ఒకరిది, పట్టా ఒకరిది అయి పని సాగుతుంది.

మాజీ క్రీడాకారులకు వేతనమిచ్చి శిక్షణ ఇప్పించే ఖేలో ఇండియా కేంద్రాల పథకం ఉన్నది. ఒక కేంద్రం ఆదోని డివిజన్‌లో కుస్తీకి కావాలని విశ్వవిద్యాలయం, జిల్లా క్రీడాధికారులు, ప్రజాప్రతినిధులు కలిసి అడగవచ్చు. మ్యాటు ఒక్కటి ఆదోనిలో ఉంటే చుట్టుపక్కల కళాశాలలన్నిటికీ ఉపయోగపడుతుంది.

ప్రభుత్వం కదలకపోతే ఏమిటన్న ప్రశ్న సహజం. ఎమ్మిగనూరు ఇందుకు జవాబు ఎప్పుడో చూపింది. నేతగాళ్లు విడివిడిగా చితికిపోతున్న రోజుల్లో, 1938లో మాచాని సోమప్ప పూనికతో చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఆ ఊరి పేరు దేశమంతటా వినిపించింది. 1954లో సోమప్పను పద్మశ్రీ వరించింది. పత్తి వ్యాపారులు, మిల్లర్లు, నేత సంఘాలు, పూర్వ విద్యార్థులు తలా కొంచెం వేస్తే ఒక శిక్షకుని జీతం పెద్ద మొత్తం కాబోదు. జాతరలలో బండలాగుడు పోటీల బహుమతులకు చందాలు వేసే చేతులు ఇక్కడ ఉన్నాయి. ఎడ్లను సాకే రైతుకు అందే ప్రోత్సాహంలో కొంతైనా, పిల్లలను తీర్చే గురువుకు అందకూడదా?

ప్రతి ఏటా విద్యా సంవత్సరం జూన్‌లో మొదలై, అంతర్ కళాశాల పోటీల ప్రకటన వచ్చే వేళకు జట్లు హడావుడిగా కూర్చడం పరిపాటి అయింది. ఆ పది రోజులలో కబడ్డీ ఆటగాడినే కుస్తీకి కూడా పంపితే పతకం రాదు సరికదా, మెడ విరిగే ప్రమాదం ఉంది. శిక్షకుని నియామకం గురించి కళాశాల యాజమాన్యాలు, విశ్వవిద్యాలయ క్రీడా మండలి వచ్చే విద్యా సంవత్సరానికి ముందుగానే కూర్చుని నిర్ణయించడం అవసరం.